బెల్టులు ఉన్నంత మందినే

బయ్యారం,
8 జనవరి 2025

అక్క సాయమ్మకు తమ్ముడు ఎల్లేశ్ రాస్తున్నది.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు కుట్టి పంపిన జాకెట్లు నీ మరదలు స్వరూపకు సరిపోయాయి. చేతులు కొంచెం బిగుతుగా ఉన్నాయట, ఆ మాట రాయొద్దని నాతో ఒట్టు వేయించుకుంది, అయినా రాస్తున్నా. నీ ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపితే అన్నీ డబ్బాలే కనిపిస్తాయంటివి. మాట్లాడదామంటే నీకు వినపడదు. అందుకని ఉత్తరాలే మనకు దిక్కయ్యాయి. పోస్టుమాన్ నన్ను చూసి నవ్వుతున్నాడు. "ఎల్లేశన్నా, ఈ ఊర్ల కవర్లు కొనేది నువ్వొక్కనివే" అంటాడు.

మన తుఫాన్ జీపును ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోతే తిప్పి పంపారు. డ్రైవర్‌కు ఒక్కడికి బెల్టు ఉంటే చాలదట, ప్యాసింజర్లు కూర్చునే ప్రతి సీటుకూ ఉండాలట. వెనకాల ఎదురెదురుగా ఉన్న బల్లలు పీకించి సీట్లన్నీ ముందుకు తిప్పించాను. పన్నెండు సీట్లకు పన్నెండు బెల్టులు వేయించాను. మహబూబాబాద్‌లో మెకానిక్ దగ్గర రెండు రోజులు పడిగాపులు పడ్డాను. ఇప్పుడు బండి పాసయింది.

పాసయిన మరునాడే బెల్టులన్నీ సీటు కవర్ల కిందికి తోసేశాను. మిరప ఏరే కాలం వచ్చింది కదా, గార్ల వైపు తోటలకు రోజూ ఇరవై మంది ఆడవాళ్లను తీసుకుపోతున్నా. ఆ బెల్టుల బకిల్స్ నడుములకు గుచ్చుకుంటున్నాయని ఒకటే గొడవ. అయినా పన్నెండు బెల్టులు ఇరవై మందికి ఎట్లా వస్తాయి?

నీ బిడ్డ శృతికి నెలలు నిండుతున్నాయి కదా, జాగ్రత్తగా ఉండమను. నీ దోస్తు వెంకటనర్సమ్మక్క నిన్ను అడిగినట్టు రాయమంది. రోజూ నా బండిలోనే వస్తున్నది, ముందు సీటు ఆమెదే.

నీ తమ్ముడు,
ఎల్లేశ్


టేకుమట్ల,
19 జనవరి 2025

ఎల్లేశ్‌కు అక్క దీవెనలు. ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన స్వరూపను కూర్చోబెట్టుకో, ఇద్దరికీ కలిపి తిడుతున్నా.

సీటు కవర్ల కిందికి తోసేశావా? సిగ్గులేకుండా అది నాకే రాస్తావా?

నీకు తెలియనిదేం కాదు, కానీ మళ్లీ రాస్తా. ఆ రోజు ఆ ప్రైవేటు బస్సులో శృతి కిటికీ పక్కన, నేను దాని పక్కన. లారీని తప్పించబోయి బస్సు చెట్టుకు గుద్దుకుంది. ముందు సీటు వెనకాల ఉన్న ఇనుప రాడ్డుకు నా తల కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి శృతి నా మీదికి వంగి ఉంది. దాని నోరు కదులుతున్నది, మాట వినపడటం లేదు. నన్ను ఆటపట్టిస్తున్నదేమో అనుకున్నా. చెవి లోపలి ఎముకలు పగిలాయని, మిషన్ పెట్టినా లాభం లేదని దవాఖానలో కాగితం మీద రాసి చూపించారు. ఆ బస్సులో బెల్టు ఉన్నది డ్రైవర్ ఒక్కడికే. అతను తలుపు తీసుకుని దిగి నడిచి వెళ్లాడు, నా కళ్లతో చూశాను.

ఇప్పుడు నీ బండిలో పన్నెండు ఉన్నాయి. పెట్టుకోబుద్ధి కాదంటే దిగి పొమ్మను. నా మీద ఒట్టు ఎల్లేశ్, బెల్టులు ఉన్నంత మందినే ఎక్కించుకో. ఒక్కరిని కూడా ఎక్కువ ఎక్కించుకోవద్దు.

బకిల్స్ గుచ్చుకుంటున్నాయంటే దానికీ మందు ఉంది. పాత దుప్పటి చింపి, లోపల దూది పెట్టి పన్నెండు మెత్తని తొడుగులు కుట్టాను. రేపు పార్సిల్ వేస్తున్నా. రంగులు కలవలేదు, ఏమనుకోవద్దు.

శృతి నొప్పులప్పుడు తోడుగా నేనే జనగామ పోవాలి. మీ బావ ఉంటే ఈ బెంగంతా నా ఒక్కదానికే ఉండేది కాదు. వెంకటనర్సమ్మను అడిగానని చెప్పు. దానికైతే బెల్టు గట్టిగా బిగించు, నిమిషం కుదురుగా కూర్చోదు.

మంచిగా నడుపుతావని నమ్ముతూ,
మీ అక్క


బయ్యారం,
3 ఫిబ్రవరి 2025

అక్కా,

తొడుగులు అందాయి. వాటిని చూసి ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. నీ ఒట్టు నిలబెట్టుకున్నా. వారం రోజులుగా పన్నెండు మందినే ఎక్కించుకుంటున్నా.

మొదటి రోజు జరిగింది చెప్తా. ఒక్కొక్కరికీ బెల్టు పెడుతుంటే వెంకటనర్సమ్మక్క, "ఏందిరా ఎల్లేశు, గొడ్లను కట్టేసినట్టు కట్టేస్తున్నవు?" అంది. అందరూ ఒకటే నవ్వు. నేను నీ పేరు చెప్పాను. వెంటనే నవ్వు ఆపి, "సాయమ్మ చెప్పిందా? అయితే కట్టు" అని తనే ముందు పెట్టుకుంది.

మిగిలిన ఎనిమిది మంది రోడ్డు మీద నిలబడ్డారు. కూలీలను కుదిర్చే మేస్త్రి సోమనర్సయ్య నా మీదికి వచ్చాడు.

"తోటాయన ఇరవై మందిని తోలుకరమ్మన్నడు. వీళ్లేం గావాలె?"

"రెండో ట్రిప్పు కొడత" అన్నాను.

రెండు రోజులు కొట్టాను. రెండో ట్రిప్పు వాళ్లు చేరేసరికి ఎండెక్కింది. తోటాయన వాళ్లకు సగం కూలే కట్టాడు. మూడో రోజు ఆ ఎనిమిది మంది హరిలాల్ ట్రాలీ ఆటో ఎక్కి పోయారు. ఎరువుల బస్తాలు మోసే ఆటో అది అక్కా. దానికి సీట్లే లేవు, ఇక బెల్టులెక్కడివి?

నాకు మనసు ఒప్పలేదు. ఆ దారికి పొద్దున ఒక బస్సు వేయమని ఆర్టీసీ డిపోకు పోయి మేనేజర్‌ను అడిగాను. పెద్దమనిషే, కూర్చోబెట్టి మాట్లాడాడు. "బండ్లు లేవు తమ్మీ, కాగితం రాసిచ్చిపో, పైకి పంపుత" అన్నాడు. రాసిచ్చాను. రవాణా ఆఫీసులో సారును కూడా అడిగాను. "నువ్వు పన్నెండుకు మించి ఎక్కియ్యకు, అంతవరకు నేను చెప్తా. మిగిలినోళ్లు ఎట్ల పోవాలెనో నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ కనపడలేదు. కానీ ఆ ఆటో నా ముందు ఊగుతూ పోతుంటే చూడలేకపోతున్నా.

ఎవరు బండిలో, ఎవరు ఆటోలో అని కొట్లాట అవుతుంటే వెంకటనర్సమ్మక్కే తీర్పు చెప్పింది. ముసలివాళ్లు, పిల్లతల్లులు బండిలో, గట్టిగా ఉన్నవాళ్లు ఆటోలో. ఆమె కూడా ఒక్కోరోజు తన సీటు ఇచ్చేసి ఆటో ఎక్కుతున్నది. వద్దంటే వినదు.

నేను చేస్తున్నది మంచిదేనా అక్కా? జల్దీ జవాబు రాయి.

ఎల్లేశ్


బయ్యారం,
11 ఫిబ్రవరి 2025

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న పొద్దున కాలువ మలుపు దగ్గర హరిలాల్ ఆటో పల్టీ కొట్టింది. వెంకటనర్సమ్మక్క మనకు లేదు.

ఆమె ముందు సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకుంది. నేను బండి స్టార్ట్ చేసే సమయానికి ఒక పిల్లతల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. అక్క బెల్టు విప్పి దిగిపోయింది. "నువ్వు కూసో బిడ్డా, పాలిచ్చేదానివి" అంది. "రేపు సీటు నీదే అక్కా" అన్నాను. నవ్వింది. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

నేను ముందు పోతున్నా. ఫోన్ వస్తే బండి తిప్పాను. అక్కడికి చేరగానే నా బండిలోని ఆడవాళ్లు దిగుదామంటే కంగారులో ఒక్కరికీ బెల్టు విప్పడం రాలేదు. కట్టేసినట్టే ఉండి ఏడ్చారు. ఒక్కొక్కరిదీ నేనే విప్పాను. హరిలాల్ పారిపోలేదు, రోడ్డు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గేదె వచ్చిందట. ఇద్దరికి కాళ్లు విరిగాయి. అక్క ఆటో కింద పడింది. నా బండిలోనే వెనక సీట్ల మీద పడుకోబెట్టి మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయా. దారిలోనే అయిపోయింది. ఆమె బిడ్డ రాణి దవాఖాన మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "ముందు సీటు అమ్మదే కదా మామా" అని అదే మాట అడుగుతున్నది.

శృతికి ఫోన్ చేసి మీ పక్కింటి వాళ్లతో నీకు చెప్పించవచ్చు. కానీ నెలలు నిండిన పిల్ల చెవిన ఇది వేయలేక ఉత్తరం రాస్తున్నా.

నీ మాట మీదనే ఉన్నానక్కా. ఇప్పుడేం చేయాలో కూడా నువ్వే చెప్పు.

ఎల్లేశ్


జనగామ,
14 ఫిబ్రవరి 2025

మేనమామ ఎల్లేశ్‌కు కొత్తగా వచ్చిన మేనకోడలు బిడ్డ నమస్కారాలు!

ఆడపిల్ల. నిన్న పుట్టింది. శృతి మంచిగుంది. ముక్కు మన అవ్వదే, జుట్టు మాత్రం వాళ్ల నాయిన నరేందర్ లెక్క రింగులు రింగులు. అల్లుడు నీకు మూడు సార్లు ఫోన్ చేశాడట, నువ్వు ఎత్తలేదట. బండి నడుపుతూ ఎత్తలేదనుకున్నాం, మంచిదే. పాప ఏడుస్తున్నదని వీళ్లంతా పరుగెత్తుతుంటే నేను దాని ఎర్రటి నోరు చూస్తూ కూర్చుంటున్నా. ఎట్లా ఏడుస్తుందో ఎవరినైనా అడిగి రాయించుకోవాలి.

నీ ఉత్తరం అందింది. ఈ హడావుడిలో వెంటనే జవాబు రాయలేదు, కోపం చేసుకోకు. చదివి నా మనసు నిమ్మళమైంది. నా ఒట్టు నిలబెట్టావు, నాకు అదే చాలు. నువ్వు చేసింది మంచిదే. ఇందులో నీ తప్పు వెతుక్కోకు. మిగిలిన వాళ్ల గురించి నువ్వెందుకు పరేషాన్ అవుతావు? ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. పన్నెండు మంది క్షేమంగా ఉన్నారా లేదా, అది చూడు.

వెంకటనర్సమ్మ సంగతి చదివి నవ్వుకున్నా. అది చిన్నప్పుడూ అంతే. బడిలో తన జాగా ఎవరికో ఇచ్చి తను ఎండలో నిలబడేది. దాని మొండితనానికి అదే అనుభవిస్తుంది, నువ్వేం చేస్తావు?

పాపకు పేరు ఆలోచించి రాయి. ఇక్కడి అడ్రసు కవరు మీద ఉంది.

సంతోషంతో,
మీ అక్క, కొత్త అమ్మమ్మ


బయ్యారం,
21 ఫిబ్రవరి 2025

అక్కకు,

నిన్న వెంకటనర్సమ్మక్క దినం. వాళ్ల వాకిట్లో అందరం భోజనాలకు కూర్చుని ఉండగా పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. ఆమె ఫోటో ముందు నిలబడి చదివాను.

నవ్వుకున్నావా అక్కా? దాని మొండితనానికి అదే అనుభవిస్తుందని రాయడానికి నీకు చేయి ఎట్లా వచ్చింది? మనవరాలు పుట్టిన సంతోషంలో ఉన్నావు, ఉండు. పిల్లాతల్లీ చల్లగా ఉండాలి. కానీ ఒక మనిషి చచ్చిపోయిందని రాస్తే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారని జవాబు రాసేదానివి కాదు నువ్వు. చెవులు పోయినా నీ మనసు పోలేదనుకున్నా.

బండి తీయడం లేదు. పది రోజులుగా వాకిట్లోనే ఉంది. ట్రాలీ ఆటోల్లో మనుషులను ఎక్కించకుండా పోలీసులు రోడ్డు మీద కాపలా ఉన్నారు. ఆటో లేదు, నా బండి లేదు, బస్సు లేదు. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి మా గేటు ముందు నిలబడి, ఎండెక్కాక ఇళ్లకు పోతున్నారు. తోటల్లో కాయ పండి రాలిపోతున్నది. నేను బయటికి రావడం లేదు. స్వరూపే ఏదో ఒకటి చెప్పి పంపుతున్నది.

ఇంకేం రాయాలో తోచడం లేదు. నువ్వూ రాయకు.

ఎల్లేశ్


జనగామ,
25 ఫిబ్రవరి 2025

నాయినా ఎల్లేశ్,

నీ ఉత్తరం మొదటి వరుసలోనే ఆగిపోయాను. వెంకటనర్సమ్మ దినమేమిటి? ఎవరో వేరే ఆమె అనుకున్నా. పేరు మళ్లీ మళ్లీ చదివాను.

నేను ఫిబ్రవరి తొమ్మిదినే టేకుమట్ల నుంచి వచ్చేశాను. శృతికి నొప్పులు వచ్చేటట్టున్నాయని కబురు వస్తే నీ పాత ఉత్తరం సంచిలో వేసుకుని, ఉన్నపళంగా బయలుదేరాను. నేను జవాబు రాసింది ఆ ఉత్తరానికే. ఆమె నీతో నవ్వుతూ బెల్టు పెట్టుకున్న ఉత్తరానికి.

అల్లుడు టేకుమట్లలో మా పక్కింటి ఎర్రయ్యకు ఫోన్ చేశాడు. నేను వచ్చేశాక అక్కడికి చేరిన నీ ఉత్తరం తలుపు సందులోంచి తీసి ఆయన చదువుతుంటే, నరేందర్ వింటూ కాగితం మీద రాసి ఒక్కో ముక్కా నా చేతికిచ్చాడు. "మనకు లేదు" అన్న దగ్గర రాయడం ఆపేసి నా ముఖం చూశాడు. రాయి అని సైగ చేశాను.

నీ మీద నాకు కోపం లేదు. నేనైనా అట్లాగే అనుకునేదాన్ని. ఆ ఒక్క ఉత్తరం నా చేతికి అంది ఉంటే, లేదా నాకు చెవులుంటే, ఇట్లా అయ్యేది కాదు. ఏమేమో అనుకుంటున్నా, దేనితోనూ లాభం లేదు.

ఆదివారం వస్తున్నా. నన్ను రాణి దగ్గరికి తీసుకుపో. ఆమె తలుపు వేసుకున్నా సరే.

అక్క


టేకుమట్ల,
6 మార్చి 2025

తమ్ముడూ,

నిన్న ఇల్లు చేరాను. దారంతా బస్సులో ముందు సీటు కమ్మీ పట్టుకునే కూర్చున్నా.

మీ వాకిట్లో బండి చూశాను. డ్రైవర్ సీటు మీద కోడి పడుకుంది. నువ్వు అన్నం సగంలో లేచిపోతున్నావని స్వరూప నాకు చేతులతో చెప్పింది. నిన్ను ఓదార్చాలని మూడు రోజులూ చూశాను. పలక తెచ్చి ముందు పెట్టినా నువ్వేమీ రాయలేదు, నేనూ రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నా. నా ఒట్టు నేను తీసేసుకుంటున్నా. పన్నెండు మందినే ఎక్కించుకో అని ఇక చెప్పలేను. ఇరవై మందిని ఎక్కించుకో అని కూడా నా నోట రాదు. నా తల రాడ్డుకు తగలడం నాకు గుర్తుంది. ఆమెను రోడ్డు మీద నిలబెట్టింది నా మాటేనని కూడా తెలుసు. ఈ రెండింటి మధ్య నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఒక్క సంగతి అడగాలి. రాణి వాళ్ల ఇంట్లో నేను చాప మీద కూర్చున్నప్పుడు ఆ పిల్ల వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది కదా. చాలాసేపు మాట్లాడింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, పెదవులు గబగబా కదులుతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తిడుతున్నదో, వాళ్లమ్మను తలుచుకుంటున్నదో తెలియలేదు. తిట్టినా పడాల్సిందేనని తల ఊపుతూ ఉన్నాను. చెవులు పోయినప్పటి నుంచి నాకు అదే అలవాటు, ఎవరైనా ఏడుస్తూ మాట్లాడితే తల ఊపుతాను. ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని లేచి లోపలికి పోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నన్ను అదోరకంగా చూశారు. నువ్వు గోడ పక్కన నిలబడి అన్నీ విన్నావు. దారిలో అడిగితే తల తిప్పుకున్నావు.

ఏమన్నది ఎల్లేశ్? ఎంత గట్టి మాటైనా సరే, దాచకుండా రాయి.

జవాబు కోసం చూస్తూ,
సాయమ్మ


బయ్యారం,
12 మార్చి 2025

అక్కా,

రాణి నిన్ను తిట్టలేదు. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నా.

"చిన్నమ్మా, ఇంట్ల గింజల్లేవు. అమ్మ జాగల రేపటి సంది నేను మిరపకు పోత. మామ బండి తీస్తలేడు. అందరం అడిగినం, ఇంట్లకెళ్లి బయటికే వస్తలేడు. నీ మాటంటే ఇంటడని మా అమ్మ చెప్పేది. తియ్యమని జర చెప్పవా? బెల్టున్నా లేకున్నా ఎక్కుతం. మమ్మల్ని మాత్రం రోడ్డు మీద ఇడిసిపెట్టద్దని చెప్పు."

నువ్వు తల ఊపావు.

"చెప్తవా చిన్నమ్మా?" అని మళ్లీ అడిగింది. మళ్లీ ఊపావు. అక్కడున్న వాళ్లంతా చూశారు, పెదవులు చూసి నీకు అర్థమైందనుకున్నారు. 'మా అక్కకు అర్థం కాలే' అని అడ్డం పోదామనుకున్నా. ఆ పిల్ల ముఖం చూసి నోరు రాలేదు. అందుకే దారిలో నువ్వు అడిగితే తల తిప్పుకున్నా.

నువ్వు బస్సెక్కిన మరునాడు పొద్దున గేటు ముందు అందరూ నిలబడ్డారు. రోజూ వచ్చినట్టు దిగులుగా రాలేదు. సద్దిగిన్నెలు పట్టుకుని, తలలకు తువాళ్లు చుట్టుకుని వచ్చారు. "సాయమ్మ ఒప్పుకున్నది కదా, తియ్యి ఎల్లేశు" అన్నారు. డిపోకు ఫోన్ చేశాను. కాగితం పైకి పోయిందన్నారు, ఇంకా కిందికి రాలేదట.

బండి తీశాను.

ముందు ఎక్కిన పన్నెండు మంది ఎవరూ చెప్పకుండానే బెల్టులు పెట్టుకున్నారు. తర్వాత ఎక్కినవాళ్లు వాళ్ల మధ్య, కాళ్ల దగ్గర, ఎక్కడ సందు ఉంటే అక్కడ కూర్చున్నారు. రాణి చివర వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ల మధ్య ఇరికి కూర్చుంది. పక్కనున్న ఆమె తన బెల్టు విప్పి, ఇద్దరికీ కలిపి పెడదామని రాణి నడుము మీదుగా లాగింది. ఇంకా లాగింది. అందలేదు.

నేను అద్దంలో చూస్తున్నా. రాణి ఆ బెల్టును తీసి మళ్లీ ఆమెకే పెట్టింది.

"పోనియ్యి మామా" అంది.

పోనిచ్చాను అక్కా. మెల్లగానే పోనిచ్చాను.

ఎల్లేశ్